ఆశకు బలియగు ప్రాణి - ఆకలికి బలియగు ప్రాణి

దయ యను మాటను పలుకుట సులభము. దానిని ఎవరియెడల, ఏ రూపమున చూపవలెనను ప్రశ్న ఎదురైనపుడే మన బుద్ధికి పరీక్ష కలుగును. ఒక జంతుజాతి నశించుచున్నదను వార్త వినినంతనే మనము చంపినవానిని నిందింతుము. వాడు సొగసుకొఱకు చంపెనా, కడుపుకొఱకు చంపెనా యని అడుగువారు తక్కువ. చచ్చిన ప్రాణికి రెండును ఒకటియే. ఆ భేదము దాని నొప్పిని తగ్గింపదు. అయినను న్యాయమును విచారింపదలచినవారికిని, ఆ నాశమును ఆపదలచినవారికిని ఆ భేదమే ముఖ్యము. ఈ విషయమును వట్టి తర్కమునకు వదలక, నేడు అంతరించు దశలోనున్న రెండు ప్రాణుల గతిని ప్రక్కప్రక్కన నుంచుకొని విచారింతము. అందొకటి సముద్రమున తిరుగు తాబేలు. రెండవది చెట్లపై బ్రతుకు లీమర్.

సముద్రపు తాబేళ్లలో ఏడు జాతులు కలవు. వానిలో గద్దముక్కు తాబేలు ఒకటి. మూతి గద్ద ముక్కువలె కొనదేలి వంగియుండుటచే దానికా పేరు కలిగినది. వేడి సముద్రములలోని పగడపు దిబ్బల సందులలో ఆ ముక్కును దూర్చి, అందు పెరుగు స్పంజి ప్రాణులను అది తినును. అందువలన స్పంజిలు మితిమీఱి పగడములను క్రమ్ముకొనకుండును. దాని వీపుమీది పలకలు ఇంటి పెంకులవలె ఒకదానిపై నొకటి ఎక్కియుండును. పసుపు, గోధుమ, నలుపు వన్నెలు కలిసిన ఆ పలకల అందమే దానికి శత్రువైనది. ఆడుతాబేలు ఈడేరుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టును. కొన్ని యేండ్లకొకసారి అది తీరమునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, నూటికి పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రమునకు మరలిపోవును. ఆ ఋతువులోనే మఱికొన్ని మాఱులు వచ్చి అట్లే చేయును. సుమారు రెండు నెలలకు పిల్లలు తమంత తామే ఇసుకను తొలుచుకొని బయటికి వచ్చి, వెలుగు కనబడు దిక్కునకు పరుగెత్తును. ఆ దిక్కున సముద్రమున్నచో బ్రతుకును. మనుష్యులు పెట్టిన దీపములున్నచో దారితప్పి చచ్చును. పుట్టినవానిలో పెరిగి పెద్దవగునవి బహుస్వల్పము.

ఇక లీమరులు. ఇవి ఆఫ్రికాకు తూర్పున హిందూ మహాసముద్రమందలి మడగాస్కర్ ద్వీపమునకు సొంతమైన జంతువులు. ఆ ద్వీపమును మన భారత భూభాగమును ఒకప్పుడు కలిసియుండెననియు, సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట విడివడెననియు భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన దక్షిణదేశపు అడవులలో రాత్రివేళ తిరుగు పెద్దకన్నుల దేవాంగపిల్లి ఈ లీమరులకు దూరపు బంధువు. లీమరులలో నూటికి పైగా జాతులు కలవు. నేడు బ్రతికియున్నవానిలో మిక్కిలి పెద్దవానియందొకటి ఇంద్రి. మన ఇంద్రియ శబ్దముతో ఈ పేరునకు సంబంధము లేదు. నలుపు తెలుపుల బొచ్చు, గుండ్రని చెవులు, మొండితోక, పొడవైన కాళ్లు గల ఈ జంతువు ద్వీపమునకు తూర్పుననున్న వానకారడవులలో ఆకులు తిని జీవించును. ఒక కుటుంబములోని ఇంద్రిలన్నియు ఉదయమున గొంతు కలిపి పాడును. ఆ పాట రెండు కిలోమీటర్ల దూరమునకు పైగా వినవచ్చును. తల్లి రెండు మూడేండ్లకు ఒక్క పిల్లను మాత్రమే కనును. ఆ పిల్ల మొదట తల్లి కడుపును కరచుకొని, పిదప వీపునెక్కి తిరుగును. ఇంద్రిని బంధించి పెంచుటకు చేసిన ప్రయత్నములేవియు ఫలింపలేదు. అడవి పోయినచో దానికి వేఱొక చోటు లేదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ రెండింటిని ఒకే వరుసలో, అంతరించుటకు అతిసమీపమున నున్న ప్రాణుల పట్టికలో చేర్చినది. ఆ సంఘము 2020 లో ప్రకటించిన లెక్క ప్రకారము 107 లీమరు జాతులలో 103 జాతులు ప్రమాదమున నున్నవి. వానిలో 33 జాతులు మిక్కిలి తీవ్రమైన ప్రమాదమున నున్నవి.

ఈ రెండు ప్రాణుల బొమ్మలను బడిపిల్లల ముందుంచి, ఏది బ్రతుకవలెనని అడిగినచో, పెక్కుమంది ఇంద్రినే చూపుదురు. దానికి చేతులవంటి చేతులున్నవి, ముఖమువంటి ముఖమున్నది, ఒడిలో బిడ్డ యున్నది. తాబేలు తన గ్రుడ్లను ఇసుకపాలు చేసి పోయినది గదా యని దానిపై మనసు కొంత చల్లబడును. పెద్దలమైన మనము కూడ ఇట్లే చేయుదుము. మనలను పోలినదానియెడల దయ త్వరగా ప్రవహించును; పోలనిదానియెడల మందగించును. కాని ఆ తాబేలు ఏ ఇసుక తగినదో చూచి, అలలకందని మెట్టకు తన బరువైన శరీరము నీడ్చుకొనివచ్చి, చీకటిలో గంటకు పైగా శ్రమపడి ఆ గ్రుడ్లను దాచినది. ఇంద్రి ఒక్క బిడ్డను అంటిపెట్టుకొని కాపాడును. తాబేలు వందల బిడ్డలను లోకమునకు అప్పగించి కాపాడును. రెండును తల్లులే. మనవంటి ముఖము లేనంతమాత్రమున ఒక ప్రాణి బ్రతుకు చవుక కాదు. దయ మన పోలికను వెదకికొనుచు పోవునంతకాలము, అది మనమీది ప్రేమయే యగును గాని పరప్రాణిమీది ప్రేమ కాదు. కావున విచారణకు మొదటి మెట్టుగా ఈ రెండు ప్రాణములకును సమాన విలువ నిత్తము.

ఇప్పుడు వీనిని చంపుచున్నదెవరో చూతము.

గద్దముక్కు తాబేటి చిప్పతో దువ్వెనలు, గాజులు, పెట్టెలు, కంటియద్దముల చట్రములు చేయుట ప్రాచీనకాలమునుండి యున్నది. మన విశాఖపట్టణపు పనివారు సైతము పందొమ్మిదవ శతాబ్దములో దొరల కొఱకు దంతముతోను తాబేటి చిప్పతోను చేసిన అందమైన పెట్టెలు నేటికిని విదేశములలోని వస్తుప్రదర్శనశాలలలో కనబడును. జపాను దేశమున, ముఖ్యముగా నాగసాకి నగరమున, ఈ చిప్పతో బెక్కో అను గొప్ప శిల్పకళ వృద్ధిపొందినది. ఇట్టి వస్తువుల నిమిత్తము 1844 మొదలు 1992 వఱకు లోకమున సుమారు 90 లక్షల గద్దముక్కు తాబేళ్లు చిప్పవర్తకమునకు బలియైనవని 2019 లో వెలువడిన పరిశోధన ఒకటి లెక్కకట్టినది. ఈ 90 లక్షలలో ఏ ఒక్కటియు కొన్నవాని ప్రాణమును నిలుపుటకు చావలేదు. దువ్వెన కొయ్యతో చేసినను తల దువ్వుకొనవచ్చును. పెట్టె టేకుతో చేసినను నగలు దాచుకొనవచ్చును. ఆ పనివాని నైపుణ్యము గౌరవింపదగినదే. కాని నైపుణ్యమెంత గొప్పదైనను, అది చేపట్టిన పదార్థము ఎక్కడినుండి వచ్చినదో అడుగకుండ ఏ కాయకమును పవిత్రము కాజాలదు.

మడగాస్కరులో కథ వేఱు. అచ్చటి ప్రజలకు మనకువలెనే వరియన్నము ప్రధానాహారము. తూర్పు కొండలలోని పేద రైతు అడవిలో కొంతభాగమును నఱికి, ఎండబెట్టి, తగులబెట్టి, ఆ బూడిదలో వరి చల్లును. దీనిని వారు తావీ యందురు. మన తూర్పు కనుమలలోని పోడు వ్యవసాయము వంటిదే. రెండు మూడు పంటలకు నేలసారము తఱుగును. అతడు మఱియొక చోటికి పోవును. జనము తక్కువగానున్న కాలమున విడిచిన నేల మరల అడవియగుటకు వ్యవధి యుండెడిది. జనము పెరిగి, నేల కొఱవడి, ఆ వ్యవధి కుఱుచయైనది. 1953 కును 2014 కును నడుమ ఆ ద్వీపము తన సహజారణ్యములో నూటికి 44 పాళ్లు కోల్పోయినది. లోకమందలి మిక్కిలి పేద దేశములలో మడగాస్కర్ ఒకటి. ఆ రైతు ఇంద్రిపై పగతో నిప్పుపెట్టలేదు. తన బిడ్డల కంచమును చూచి నిప్పుపెట్టెను.

ఒక ప్రాణి ఆశకు బలియగుచున్నది, ఒక ప్రాణి ఆకలికి బలియగుచున్నది. ఇద్దఱు హంతకులకును ఒకే ఆజ్ఞ చాలునా? చరిత్రయే దీనికి జవాబు చెప్పుచున్నది.

ఆశను నిషేధము అణపగలదు. వన్యప్రాణుల అంతర్జాతీయ వర్తకమును అదుపుచేయు ఒడంబడిక 1975 లో అమలునకు వచ్చినది. జపాను 1980 లో అందు చేరినను, గద్దముక్కు తాబేలు విషయమున తనకు మినహాయింపు నుంచుకొనెను. పరదేశముల ఒత్తిడికి లోబడి 1992 చివరకు చిప్పల దిగుమతిని ఆపివేసెను. ఆ చిప్పలు లేక ఏ జపానుగృహమునను పొయ్యి ఆఱిపోలేదు. దొంగవర్తకము ఇంకను మిగిలియున్నను, బహిరంగముగా సాగిన పెద్దవర్తకము నిలిచినది. మఱియొక జాతియైన పచ్చతాబేలు గతియు ఇట్టిదే. ఒకప్పుడు లండను విందులలో దాని మాంసముతో చేసిన చారు గొప్పింటి మర్యాద. వేట నిలిపి, తీరములను కాపాడుటచే దాని సంఖ్య 1970 ప్రాంతమునుండి సుమారు 28 శాతము పెరిగినది; 2025 అక్టోబరులో ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని ప్రమాదపు పట్టికనుండి తప్పించినది. మనుష్యుడు చేయి వెనుకకు తీసికొనిన చోట ప్రకృతి ముందుకు వచ్చుననుటకు ఇది నిదర్శనము.

ఆకలిని నిషేధము అణపజాలదు. మడగాస్కరులో అడవిని తగులబెట్టరాదను ఆజ్ఞ నిన్నమొన్నటిది కాదు. 1881 లో రెండవ రనవలూన రాణి కాలమున వెలువడిన శాసనములలోనే అది కలదు. 1896 లో ఆ ద్వీపమును ఆక్రమించిన ఫ్రెంచివారును పోడును నిషేధించిరి. కాని తామే అడవులను కలపవర్తకులకును తోటల యజమానులకును అప్పగించిరి. 1960 లో స్వాతంత్ర్యము వచ్చినపిమ్మటను నిషేధములు కొనసాగినవి. నూట నలువది యేండ్లకు పైగా వలదని చెప్పినను నిప్పు ఆఱలేదు. ఎందుచేత? వలదన్నవారు, మఱి యేమి తినవలెనను ప్రశ్నకు జవాబు చెప్పకుండుటచేత. ఆకలిగొన్నవానికి ఉపదేశము చేసి, అన్నము పెట్టకుండ పంపుట ఉపదేశమునకే అవమానము.

ఇచ్చట ఒక జాగ్రత్త వహింపవలెను. తాబేలు ఆశకు, లీమరు ఆకలికి అని గీతగీసి ఊరకుండరాదు. ఆశయు ఆకలియు ప్రతిచోటను కలగలిసియే యుండును. ఎన్నో తీరములలో తాబేటి గ్రుడ్లను త్రవ్వుకొనువాడు నిరుపేద బెస్తవాడు. అట్లే మడగాస్కరు అడవులలో ఆకలితోపాటు ఆశయు గొడ్డలి పట్టినది. 2009 లో ఆ దేశమున రాజకీయ సంక్షోభము కలిగినపుడు, ఈశాన్యభాగమునందలి మసోలా, మరోజేజీ రక్షితవనములనుండి విలువైన ఎఱ్ఱకలపను విస్తారముగా దోచి విదేశములకు తరలించిరి. దానితో చేసిన ఖరీదైన మంచములు, బల్లలు దూరదేశపు ధనికుల యిండ్లలో చేరినవి. చెట్టు కొట్టిన కూలివానికి దక్కినది కూలిడబ్బు. నింద మాత్రము పూర్తిగా దక్కినది. మనము విచారింపవలసినది ప్రాణి పేరును గాదు, ప్రతి గొడ్డలి వెనుకను ప్రతి వల వెనుకను నున్న కారణమును. ఎవడు మానుకొనగలడో వానిపై మానుకొను బాధ్యత అధికము. ఎవడు మానుకొనలేడో వానిని మానుకొనగలవానిగా చేయు బాధ్యత తక్కిన మన అందఱిది.

ఈ మాట ఆచరణకు రానిదని కొందఱనవచ్చును. పసిఫిక్ మహాసముద్రములోని సోలమన్ దీవులలో అర్నవోన్ అను చిన్న ద్వీపసముదాయము కలదు. గద్దముక్కు తాబేళ్లు అచ్చట గ్రుడ్లుపెట్టును. పూర్వము వానిని వేటాడుచుండిన చుట్టుప్రక్కల గ్రామములవారే 1995 లో ఆ తీరమును కాపాడుటకు ఒప్పందము చేసికొనిరి. ఆ గ్రామములవారినే కావలివారిగా నియమించి జీతమిచ్చిరి. తరువాతి రెండు దశాబ్దములలో అచ్చటి గూళ్ల సంఖ్య రెట్టింపైనది. మడగాస్కరులో అందసీబె అను అడవిగ్రామమున స్థానికులు మిత్సింజో యను సంఘమును ఏర్పఱచుకొని, ఇంద్రిలను చూడవచ్చు యాత్రికులకు దారిచూపి బ్రతుకుదెరువు పొందుచు, పోయిన అడవిలో దేశీయ వృక్షములను నాటుచున్నారు. ఈ రెండుచోట్లను ముందు పొయ్యి వెలిగినది. పిదప అడవియో తీరమో నిలిచినది. దాసోహమునకు అర్థము తెలిసిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. పంక్తిలో కూర్చుండబెట్టి గౌరవముతో వడ్డించుట వేఱు, దూరమునుండి విసరివేయుట వేఱు. పేదవానిని అడవికి శత్రువని వెలివేయక, కావలివానిగా కూర్చుండబెట్టుట మొదటి రకపు వడ్డన.

చట్టమునకు అందని మఱియొక రక్షణ కలదు. తూర్పు మడగాస్కరు జనులు ఇంద్రిని బాబకూతు అని పిలుతురు. తమ పూర్వులకును దానికిని చుట్టఱికము కలదని వారి నమ్మకము. తేనెకొఱకు చెట్టెక్కి ఆపదలో చిక్కిన మనుష్యుని ఇంద్రి కాపాడినదని ఒక కథ చెప్పుకొందురు. కావున దానిని చంపుట, తినుట వారికి ఫాదీ, అనగా నిషిద్ధము. ఏ భటుడును లేని అడవిలో ఇన్ని తరములు ఇంద్రి బ్రతికినది ఈ చుట్టఱికము వలననే. నేడు బంగారపు గనులకొఱకు పరప్రాంతములనుండి వచ్చినవారికి ఈ నిషేధము పట్టదు. స్థానికులలోను అది సడలుచున్నది. చుట్టము మాంసమైపోవుచున్నాడు. ఐనను ఈ ఆచారమొక గొప్ప సత్యమును చెప్పుచున్నది. తన కుటుంబములోనిదని తలచినదానిని మనుష్యుడు ఆకలిలో కూడ చంపడు. ఐతే ఆ అడవిజనులు ఇంద్రిని చంపకుండిరి కాని, దాని ఇల్లగు అడవిని కాల్చిరి. చుట్టమును గౌరవించి చుట్టపు కొంపకు నిప్పుపెట్టినట్లైనది. బంధుత్వము ప్రాణితో ఆగరాదు. అది నిలిచిన చెట్టునకు, త్రాగు నీటికి, గ్రుడ్లుపెట్టు ఇసుకకు విస్తరింపవలెను.

మనుష్యులే అన్నము లేక అల్లాడుచుండగా తాబేలుకొఱకు, కోతివంటి జంతువుకొఱకు ఈ చింతయేల యని అడుగువారు కలరు. ఆ ప్రశ్నలో నిజాయితీ కలదు; దానిని తోసివేయరాదు. కాని నేను చూపిన రెండు కథలలోను మనుష్యుని బాధ, ప్రాణి బాధ ఒకే త్రాటికి కట్టబడియున్నవి. పగడపు దిబ్బ చచ్చినచోట చేపలు తఱుగును. చేపలు తఱిగినచోట బెస్తవాని కడుపు కాలును. కొండమీది అడవి కాలినచోట మన్ను కొట్టుకొనివచ్చి క్రిందనున్న వరిమడిని పూడ్చును. కాబట్టి పేదవానికా, ప్రాణికా యని పందెము పెట్టుట తప్పుడు లెక్క.

మడగాస్కరు మనకు దూరమైనను సముద్రము దూరము కాదు. గద్దముక్కు తాబేలు మన అండమాన్ తీరములలో గ్రుడ్లుపెట్టును. దాని చుట్టమైన ఆలివ్ రిడ్లే తాబేలు ప్రతి యేట చలికాలము చివర మన ఆంధ్రతీరపు ఇసుకలకు వచ్చును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనికి రక్షణ కల్పించినది. అయినను మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తాబేళ్లను తీరవాసులు ఏటేట చూచుచునే యున్నారు. తాబేలు తప్పించుకొని పోవుటకు వలలో అమర్చు సాధనము కలదు. దానివలన కొంత చేప జాఱిపోవునని జాలరి సందేహించును. ఆ కొంత నష్టమును జాలరి ఒక్కడే భరింపవలెనా, లేక ఆ రొయ్యలనమ్మి లాభపడు వర్తకుడును, విందులలో వానిని తినువారును పంచుకొనవలెనా? ఆశ, ఆకలి అను భేదమును మఱచినచో ఈ ప్రశ్నయే మనకు తోచదు. మఱవనిచో జవాబు దానంతటదే తోచును.

కావున, సోదర సోదరీమణులారా, ఒక వస్తువు మన చేతికి వచ్చినపుడు రెండు ప్రశ్నలు వేసికొందము. ఇది లేక నేను బ్రతుకలేనా? ఇది నాకు చేర్చుటకు ఎవడు, ఏ ఆకలితో, ఏ ప్రాణిని త్రోసివేసెను? మొదటి ప్రశ్నకు బ్రతుకగలనని జవాబు వచ్చినచో ఆ వస్తువును విడుతము. రెండవ ప్రశ్నకు ఒక పేదవాని ముఖము కనబడినచో, వానిని తిట్టుటకు ముందు వాని పొయ్యివైపు చూతము. ఆశగలవానితో విడువుమని గట్టిగా చెప్పుట దయ. ఆకలిగలవానితో ముందు తినుమని మెత్తగా చెప్పుట కూడ దయయే. ఈ రెండు మాటలను తాఱుమాఱుగా పలికినంతకాలము పగడపు దిబ్బలలో తాబేలును మిగులదు, ఉదయపు అడవిలో ఇంద్రి పాటయు మిగులదు.